బ్యాటరీ తీసేసిన చెవి మిషన్‌లో అమ్మ విన్న మాట

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. పుట్టి పెరిగిన చోటు అలాంటిది. అబిడ్స్‌లో మాది సూట్‌కేసుల దుకాణం. గ్యారంటీ కార్డు లేని దేన్నీ నమ్మొద్దని చిన్నప్పుడే నేర్పారు. ఆ కార్డులు రాసిచ్చేది మేమే కాబట్టి వాటినీ నమ్మొద్దని కాస్త పెద్దయ్యాక నాకే తెలిసింది. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే ముందు సగానికి తగ్గిస్తాను. "నువ్వు చూసినవా, ఎవరన్న చెప్పిన్రా?" అని అడిగితే మిగతా సగం కూడా దిగిపోతుంది.

ఇప్పుడు నా దగ్గరే ఒకటి ఉంది. ఏడాదిగా దాన్ని తగ్గించాలని చూస్తున్నాను. కొంత తగ్గింది. కొంత ఎంత బేరమాడినా తగ్గడం లేదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక మాట సంగతి చెప్పాలి.

మా నాయన దుకాణాన్ని "మూసెయ్" అనేవాడు కాదు. దీపాన్ని "ఆర్పెయ్" అనేవాడు కాదు. వ్యాపారం చేసే ఇంట్లో అవి నోటితో అనకూడదు. షట్టర్ దించాలంటే "దుకాణం పెద్దజెయ్" అనాలి. మా పక్కన వాచీల దుకాణం ఖాదర్ భాయ్ కూడా ఉర్దూలో అదే అంటాడు, "దుకాన్ బఢావ్" అని. ఆపేసే పనికి పెంచే మాట. మా నాయన దాన్ని దుకాణంతో వదల్లేదు. లైటు పెద్దజెయ్, ఫ్యాను పెద్దజెయ్, టీవీ పెద్దజెయ్. అన్నిటికీ ఒకటే అర్థం, ఆపు. పెళ్ళయిన కొత్తలో నా భార్య సునీతకు ఇది తెలియదు. "టీవీ పెద్దజెయ్ బిడ్డా" అని నాయన అంటే పాపం సౌండు పెంచింది. ఆయన మళ్ళీ అన్నాడు. ఆమె ఇంకా పెంచింది. చివరకు కింది వాటాలోవాళ్ళు పైకి వచ్చారు.

అమ్మ వాళ్ళది చాదర్‌ఘాట్‌లో గుమస్తాల ఇల్లు. ఆమె నోట ఈ మాట వచ్చేది కాదు. "బంద్ చెయ్" అనేసేది. "మీ ఇంట్ల మాటలన్నీ ఉల్టానే" అని నాయన్ని వెక్కిరించేది.

రోజూ సాయంత్రం ఎనిమిదిన్నరకు నాంపల్లిలోని మా ఇంటి నుంచి అమ్మ దుకాణానికి ఫోన్ చేసేది. ఎప్పుడొస్తున్నావని అడిగేది. నాయన జవాబు కూడా రోజూ ఒకటే. "ఔ, పెద్దజేస్తున్న. జర ఆగు."

మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం కూడా అదే జవాబు చెప్పి ఫోన్ బల్ల మీద పెట్టాడు. నేను బయట వేలాడదీసిన బ్యాగులు లోపలికి తెస్తున్నాను. తిరిగి చూసేసరికి స్టూలు మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు. అమ్మ అన్నం వడ్డించి పెట్టుకుని కూర్చునే ఉంది, ఆయన జర ఆగమన్నాడు కదా అని.

అమ్మకు అప్పటికే కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి కూడా ఆ ఏడాదిలో బాగా తగ్గిపోయింది. బషీర్‌బాగ్‌లో ఒక దుకాణానికి తీసుకెళ్ళి చెవి మిషన్ పెట్టించాను. చొక్కా గుండీ అంత బ్యాటరీ దానిది. వెనక ఒక స్టిక్కర్ ఉంటుంది. స్టిక్కర్ ఒలిచి, గాలి తగిలేలా ఒక నిమిషం ఆగి, అప్పుడు మిషన్‌లో పెట్టాలి. వారం, ఎనిమిది రోజులు వస్తుంది. బ్యాటరీల అట్ట కొన్నప్పుడల్లా నేను బేరమాడేవాణ్ణి. కౌంటర్ దగ్గరి అమ్మాయి నన్ను దూరం నుంచి చూసే "ఫిక్స్‌డ్ రేట్ అంకుల్" అనేది. ఫిక్స్‌డ్ అన్న మాట వింటే నాకు హుషారు వస్తుంది. ఆ పిల్లకు తెలియదు.

మిషన్ వచ్చాక అమ్మ నోట కూడా పెద్దజెయ్ అన్న మాట వినిపించసాగింది. అయితే మామూలు అర్థంలో. "జర మిషన్ పెద్దజెయ్‌రా, వినొస్తలేదు" అనేది. నేను మిషన్ వెనక చిన్న చక్రం తిప్పి సౌండు పెంచేవాణ్ణి. అంటే, పెద్దజెయ్ అంటే ఆపు అనే అర్థం మా ఇంట్లో నాయనతోనే పోయింది. ఇది గుర్తుపెట్టుకోండి.

పోయిన ఏడాది వైజాగ్‌లో మా చిన్నమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. అక్కను చూడాలని ఫోన్‌లో ఏడ్చింది. అమ్మ అంతసేపు రైల్లో కూర్చోలేదని విమానం టికెట్లు తీశాను. అమ్మకు అదే మొదటిసారి. పొద్దున పదకొండు గంటల విమానం.

విమానం నియమాలు నాకు కంఠతా వచ్చు. కేబిన్ బ్యాగులు అమ్మేవాణ్ణి కదా. "పవర్ బ్యాంకు లగేజీలో వెయ్యొద్దు సార్, చేతి సంచిలోనే ఉండాలె. పైన సామాన్ల అరల గూడ వద్దు, మీ దగ్గర్నే, కండ్ల ముందర ఉంచుకోన్రి. దాంతోటి విమానంల చార్జింగ్ అసలే పెట్టొద్దు" అని చెప్పి, అందుకోసమని ఒక చిన్న పౌచ్ కూడా అంటగడతాను. నిప్పంటుకుంటే ఆకాశంలో ఫైరింజను రాదు సార్ అంటాను. ఆ మాటకు పౌచ్ తప్పకుండా పోతుంది.

నా పవర్ బ్యాంకు మాత్రం నాంపల్లి స్టేషన్ ఎదుట ఫుట్‌పాత్ మీద కొన్నది. వాడు చెప్పినదాంట్లో మూడో వంతుకు ఇచ్చాడు. అంత తేలిగ్గా దిగిపోయినప్పుడే అనుమానం రావాల్సింది. నాకు గర్వం వచ్చింది.

ఎయిర్‌పోర్టులో కౌంటర్ అమ్మాయి సూట్‌కేసులో పవర్ బ్యాంకు ఉందా అని అడిగింది. ఉంది. తీసి చేతి సంచిలో వేసుకున్నాను. అమ్మ అప్పుడు దూరంగా కుర్చీలో కూర్చుని ఉంది. తర్వాత గేటు దగ్గర అమ్మ బాత్‌రూమ్‌కు వెళ్ళినప్పుడు చూస్తే, దుకాణం ఫోన్ చార్జింగ్ అయిపోవస్తోంది. అది నాయన ఫోనే. పాత గిరాకీలందరి దగ్గరా ఆ నంబరే ఉందని నడుపుతున్నాం. దిగగానే కాల్స్ వస్తాయి కదా అని దాన్ని పవర్ బ్యాంకుకు తగిలించి, రెండిటినీ సంచి అడుగున, తువ్వాల కింద పెట్టి జిప్పు వేశాను. ఈ రెండు పనులూ అమ్మ చూడలేదు. ఆ మాటకొస్తే నా దగ్గర పవర్ బ్యాంకు ఉన్న సంగతే ఆమెకు తెలియదు.

మా సీట్లు పద్నాలుగో వరుసలో. అక్కడ పైన అరలు నిండిపోయి ఉన్నాయి. ఎయిర్‌హోస్టెస్ నా సంచి తీసుకుని ముందుకు వెళ్ళి, ఐదో వరుస పైన పెట్టి మూత వేసింది. అప్పుడైనా నేను చెప్పాలి. చెబితే చార్జింగ్ తీయమంటుంది, అందరి ముందూ సంచి విప్పాలి. గంట ప్రయాణమే కదా అనుకున్నాను. నియమాలతో కూడా బేరమాడే అలవాటు నాది.

అమ్మ కిటికీ పక్కన, నేను మధ్యలో, నా పక్కన ల్యాప్‌టాప్ బ్యాగుతో ఒక కుర్రాడు. ఇంతలో అనౌన్స్‌మెంట్ మొదలైంది. ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ల్యాప్‌టాప్‌లు లోపల పెట్టండి, పవర్ బ్యాంకులు వాడకండి. అమ్మ నా మోచేయి పొడిచింది.

"ఏమంటున్నరురా?"

వివరంగా చెప్పే ఓపిక లేక, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "మిషన్లన్నీ బంద్ చెయ్యాల్నంటనే" అని అరిచాను. ఫోన్లన్నీ అనాల్సింది. మిషన్లు అన్నాను. ఆ ఒక్క మాట తేడా ఏం చేసిందో నాకు అప్పుడు తెలియదు.

నా జేబులో ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాను. సంచిలోది అలాగే ఉంది. విమానం లేచింది.

ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు గడిచి ఉంటాయి. సీటు బెల్టు లైటు ఆరింది. వెనక నుంచి నీళ్ళ సీసాల ట్రాలీ వస్తోంది. అమ్మ కిటికీలోంచి మబ్బులు చూస్తోంది. ఉన్నట్టుండి తల ఇటు తిప్పి, నా చెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది.

"పెద్దజెయ్ అంటున్నడు" అంది.

మిషన్ సౌండు పెంచమంటోందని అనుకున్నాను. అంటున్నడు అన్న మాట పట్టించుకోలేదు. అలవాటుగా ఆమె చెవి వెనక వేలు పెట్టి చక్రం కోసం తడిమాను. వేలికి ఏదో వేలాడుతూ తగిలింది. వంగి చూశాను. మిషన్‌కున్న బుల్లి తలుపు తెరిచి ఉంది. లోపల బ్యాటరీ లేదు.

అమ్మ నా మొహం చూసి, ఒళ్ళో ఉన్న కళ్ళద్దాల డబ్బా తెరిచి చూపించింది. బ్యాటరీ అందులో ఉంది. "బంద్ చెయ్యాల్నంటివి గదరా" అంది.

విమానం కదలకముందే తీసేసింది. అంటే అప్పటినుంచీ ఆమెకు ఏమీ వినబడటం లేదు. బ్యాటరీ లేకపోతే అమ్మ పక్కన ప్రెషర్ కుక్కర్ కూసినా తల తిప్పదు. అది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి.

"ఎవరంటున్నరే?" అన్నాను. ఆమెకు వినబడదని తెలిసీ అడిగాను.

ఆమె కొంచెం తల వంచి, ఫోన్ చెవికి ఆనించుకున్నట్టు, ఎవరో చెప్తున్నది పూర్తిగా విని, అప్పుడు చెప్పింది.

"మీ నాయన. ఊకె గదే అంటున్నడు. జల్దీ పెద్దజెయ్ అంటున్నడు."

చెయ్యి ఎత్తి ముందుకు చూపించింది. ఐదో వరుస పైన మూతకేసి.

నా ఒళ్ళు చల్లబడింది. చదివినప్పుడల్లా నేను నవ్వుకునే మాట అది. నిజంగా చల్లబడుతుంది. ముందు చేతి వేళ్ళు, తర్వాత కడుపు. నాయన పోయాక మా ఇంట్లో ఎవరూ వాడని అర్థంలో ఆ మాట వచ్చిందని నాకు అప్పుడే అర్థమైంది.

అయినా లేవలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అప్పటికీ లెక్కలేసుకుంటున్నాను. లేచి చెబితే తప్పు చేసింది నేనే అని తేలుతుంది. ఇంకో అరగంట. దిగినాక చూద్దాం. అమ్మకు చేత్తో సైగ చేశాను, దిగినాక అని.

అమ్మ సీటు బెల్టు తీసేసింది. వినబడని వాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. విమానమంతా వినేలా అరిచింది. "శీనూ, లెవ్వు! ఆయన కోపానికొస్తున్నడు!"

ముందు వరుసల తలలన్నీ తిరిగాయి. పక్కన కుర్రాడు కంగారుగా సీటు జేబులోంచి కాగితం కవరు తీసి ఇచ్చాడు. "వాంతి గిట్ల వస్తుందా అన్నా అమ్మకి?"

"అమ్మకి కాదు తమ్మీ, నాకొచ్చేట్టున్నది. జర జరుగు" అన్నాను.

ట్రాలీ అడ్డం ఉంది. ఎయిర్‌హోస్టెస్ కూర్చోమంది. అప్పుడు చెప్పేశాను. ఐదో వరుస పైన నా సంచి ఉందని, అందులో పవర్ బ్యాంకు ఉందని, చార్జింగ్‌లో పెట్టానని. ఆ అమ్మాయి మొహంలో నవ్వు ఎలా మాయమైందో ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ముందున్న అమ్మాయికి చేత్తో సైగ చేసింది. ఇద్దరూ అక్కడికి వెళ్ళారు.

మూత తీయగానే ప్లాస్టిక్ కమిలిన వాసన వచ్చింది. పొగ లేదు. ఒకామె సంచి పక్కన చెయ్యి పెట్టి, వెంటనే వెనక్కి తీసుకుంది. ఆ వరుసలో వాళ్ళను లేపి వెనక్కి పంపారు. మందపాటి చేతి తొడుగులు తెచ్చారు. తువ్వాల మాడి గోధుమరంగుకు తిరిగింది. పవర్ బ్యాంకు పూరీలా ఉబ్బింది. దాన్ని తీసి, నీళ్ళున్న డబ్బాలో వేసి, వెనక్కి తీసుకుపోయారు. నాయన ఫోన్ ఆరిపోయి ఉంది.

నేను నడవా మధ్యలో నిలబడి ఉన్నాను. విమానంలో చిన్నపిల్లలు ఎంతమంది ఉన్నారో అప్పుడు చూశాను. అంతకుముందు కనబడలేదు.

అమ్మ మాత్రం తల సీటుకు ఆనించి కళ్ళు మూసుకుంది. నేను కూర్చున్నాక, "ఇగ ఊకున్నడు" అంది.

దిగాక నాతో చాలాసేపు మాట్లాడారు, కాగితాలు రాయించుకున్నారు. ఆ ఎయిర్‌హోస్టెస్ చివర్లో ఒకటే అడిగింది. "మీకెలా తెలిసింది సర్?" వాసన వచ్చిందన్నాను. ఆమె "పద్నాలుగో వరుసకా?" అంది. అమ్మ చేతిలోని బ్యాటరీ చూసి ఇంకో సంగతి కూడా ఆమే చెప్పింది. చెవి మిషన్లు విమానంలో ఆపనక్కర్లేదట. పెట్టుకునే ఉండొచ్చట.

తిరుగు ప్రయాణం రైల్లో చేశాం. నాంపల్లిలో దిగి ఇంటికి నడిచి వచ్చేదాకా నేను ఫోన్ ఆన్ చేయలేదు.

ఇక బేరం మొదలుపెట్టాను. అమ్మకు ముక్కు బాగా పనిచేస్తుంది, వాసన పసిగట్టి ఉంటుంది అనుకున్నాను. మూత తీసేదాకా కింద కూర్చున్నవాళ్ళకే వాసన రాలేదు. సరే, సంచి ఎక్కడ పెట్టారో చూసి ఉంటుంది. చూసిందే అనుకుందాం. అందులో ఏముందో చూడలేదు కదా. పోనీ, ఫోన్ సిగ్నల్ చెవి మిషన్‌లో గరగరమంటుంది, అది నిజమే. బ్యాటరీ లేని మిషన్‌లో కాదు. చెవుల డాక్టర్‌ను అడిగాను. వినికిడి పోయిన వాళ్ళకు మెదడే శబ్దాలు పుట్టిస్తుందని, పాత గొంతులు వినబడటం మామూలేనని చెప్పాడు. ఇది మంచి బేరం. దీన్ని తీసుకుందామనుకున్నాను. కానీ ఆ గొంతు ఐదో వరుస ఎందుకు చూపించిందంటే ఆయన కాగితం మీద ఏదో గీస్తూ, "కోఇన్సిడెన్స్" అన్నాడు. ఆ మాట నేను కూడా గిరాకీలతో వాడతాను, జిప్పులు తెగినప్పుడు.

అయినా, ఇది ఇక్కడితో ఆగి ఉంటే నాకు భయం ఉండేది కాదు. నాయన మమ్మల్ని కాపాడాడు అనుకుని ఫోటోకు ఇంకో దండ వేసేవాణ్ణి. సునీత అదే చేసింది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం అమ్మ దుకాణానికి వచ్చింది. నాయన స్టూలు మీద కూర్చుంది. గిరాకీ ఇద్దరే ఉన్నారు, తల్లీ కూతురూ. ట్రాలీ బ్యాగు చక్రాలు తిప్పి చూస్తున్నారు. నేను మంచి ఊపులో ఉన్నాను. వెనక నుంచి అమ్మ అంది.

"పెద్దజెయ్ అంటున్నడు."

తిరిగి చూశాను. చెవి దగ్గర చప్పట్లు కొట్టాను. కదల్లేదు. మిషన్ బ్యాటరీ అయిపోయింది.

ఈసారి ఆగలేదు. లైట్లు ఆపాను. ఫ్యాన్లు, కంప్యూటర్, కెమెరాలు, అన్నీ. నా ఫోన్, దుకాణం ఫోన్ ఆపి గల్లాలో పడేశాను. గిరాకీలను చేతులు జోడించి బయటకు పంపాను. కూతురు, "ఏందంకుల్, డిస్కౌంట్ అడిగితె గింత కోపమా?" అంది. మెయిన్ స్విచ్ దించేసి, అమ్మను నడిపించుకుంటూ బయటకు వచ్చి షట్టర్ లాగేశాను. పట్టపగలు మూడు గంటలకు ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. షాపు కాలుతుందని ఎదురు చూస్తూ.

పక్క దుకాణం మెట్ల మీద నుంచి ఖాదర్ భాయ్ అడిగాడు. "క్యా శీనూ భాయ్, ఇత్తీ జల్దీ బఢా దియే?"

ఇంత తొందరగా మూసేశారేమని అడిగాడు, అంతే. కానీ ఆ మాట ఆయన నోట వినగానే అమ్మను షట్టర్ నుంచి ఇంకో రెండడుగులు వెనక్కి లాగాను.

పది నిమిషాలు గడిచాయి. ఏమీ కాలేదు. పొగ లేదు, వాసన లేదు. అమ్మ షట్టర్‌కేసి చూడటం లేదు. దేనికేసీ చూడటం లేదు. నేను చేతులతో అడిగాను. అన్నీ ఆపేశాను కదా, ఇంకేముంది?

ఆమె తల వంచి విన్నది. "ఇంకా అంటున్నడు" అంది.

అక్కడ ఇంకేం వెలుగుతోందో, ఇంకేం నడుస్తోందో నేను వెతుక్కున్నాను. చాలాసేపు వెతికాను. అన్నీ ఆగినాక అక్కడ మిగిలింది మేమిద్దరమే.

ఆ రోజు ఇంటికి వచ్చి కొత్త బ్యాటరీ వేశాక అమ్మ మామూలుగా ఉంది. టీ అడిగింది. నేను ఉండబట్టలేక అడిగాను. "దేన్ని పెద్దజెయ్యమంటున్నడమ్మా?"

"గది చెప్తలేడు" అంది. గ్లాసు కింద పెట్టి, "మనకు తెల్వదా అన్నట్టు మాట్లాడుతున్నడు" అంది.

అప్పటినుంచి అమ్మ మిషన్ తీయదు. పడుకున్నప్పుడు కూడా. మిషన్ నడుస్తుంటే మా గొంతులే వినబడతాయట, ఆయనది రాదట. స్నానానికి తీయక తప్పదు. అప్పుడు లోపల నుంచి గోవింద నామాలు బిగ్గరగా, ఊపిరి తీసుకోకుండా చదువుతుంది. గోవిందా అని ఆపకుండా ఇంకో గోవిందా. ఎందుకమ్మా అంత తొందర అని సునీత అడిగితే, "ఖాళీ ఇస్తె గదనే ఆయన మాట్లాడేది" అందట.

యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి గొంతుకు అమ్మ అలా భయపడటం నాకు నచ్చలేదు. కానీ అలా భయపడుతున్నంతకాలం నాకు కాస్త ధైర్యంగా ఉండేది. ఆ ధైర్యం మొన్నమొన్నటిదాకా ఉంది.

మిగిలింది బ్యాటరీ మార్చే నిమిషం ఒక్కటే. పాతది తీసి, కొత్తదాని స్టిక్కర్ ఒలిచి, గాలి తగలనిచ్చే నిమిషం. వారానికి ఒకసారి. ఆ పని నేనే చేస్తాను. అమ్మ ఎదురుగా కూర్చుని నామాలు చదువుతుంది. నేను గడియారం చూస్తాను.

రెండు నెలల కిందట ఒక ఆదివారం పొద్దున, పాత బ్యాటరీ తీశాను. స్టిక్కర్ ఒలిచాను. అమ్మ నామాలు మొదలుపెట్టలేదు. కొంచెం తల వంచింది. ఆమె మొహంలో భయం లేదు. రోజూ సాయంత్రం ఫోన్ దగ్గర ఎలా ఉండేదో అలా ఉంది. కాస్త విసుగు, కాస్త నవ్వు.

"ఔ, పెద్దజేస్త" అంది. "జర ఆగు."

నాతో కాదు.

నిమిషం కాలేదు. సగం కూడా కాలేదు. బ్యాటరీ మిషన్‌లో కుక్కేశాను. తొందరలో అది ఒకసారి కింద పడింది కూడా. అమ్మ రెప్పలు ఆడించి నావైపు చూసి, "ఏమైందిరా, గట్ల చెమటలు పట్టినయ్?" అంది. ఏం లేదన్నాను. ఇప్పుడు ఏమన్నావమ్మా అని అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. ఆమెకు డెబ్బై నాలుగు. డాక్టర్లు అన్నీ బాగున్నాయంటున్నారు. బీపీ నాకంటే నయం.

అది ఎవరి గొంతో, బ్యాటరీ లేని మిషన్‌లోంచి ఎలా వస్తుందో, విమానంలో మమ్మల్ని బతికించిన మాటే ఇప్పుడు అమ్మను ఏమడుగుతోందో నాకు తెలియదు. తెలిసినట్టు అమ్మజూపలేను.

బషీర్‌బాగ్‌లో బ్యాటరీలకు బేరం మానేశాను. కౌంటర్ అమ్మాయికి ఇంకా అలవాటు కాలేదు. చెప్పినంతా ఇస్తుంటే, "తబియత్ బాగుందా అంకుల్?" అంటుంది.

ఇంకో ఉపాయం కూడా కనిపెట్టాను. కొత్త బ్యాటరీ స్టిక్కర్ మా దుకాణంలోనే ఒలిచేస్తాను. అబిడ్స్ నుంచి నాంపల్లికి నడిచే దారిలోనే ఆ నిమిషం గడిచిపోతుంది. ఇంటికి రాగానే పాతది తీయడం, కొత్తది పెట్టడం. బషీర్‌బాగ్ దుకాణంలో పనికిరాని మిషన్ ఒకటి అడిగి తెచ్చి, రాత్రి సునీత చెవి దగ్గర పెట్టి చేతికి అలవాటు చేసుకున్నాను.

అరవై సెకన్లను మూడుకు దించాను. అంతకంటే తగ్గడం లేదు.